వత్తుల స్టవ్

పదకొండు దాటింది. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టేశాను, ఈసారి బాగా కుదిరింది. నిద్ర రానిది మాత్రం పొద్దుటి పేపరు వల్ల.

జిల్లా పేజీలో 'క్షణికావేశంలో భార్యను కడతేర్చిన భర్త'. లోపల చదివితే ముందురోజే కత్తి కొనుక్కొచ్చాడట! రాత్రంతా దిండు కింద పెట్టుకున్న ఆవేశం క్షణికం ఎలా అవుతుంది? దాని కిందే ఇంకో 'ప్రేమోన్మాది'. నిజంగా ఉన్మాదమే అయితే రోజూ తిట్టే మేనేజర్ని ఎందుకు పొడవడు? కాదన్న పిల్లే ఎందుకు కనిపిస్తుంది?

మా ఆయన "హెడ్డింగులు అలాగే పెడతారులే" అన్నారు. పెద్దది ఊరుకుంటుందా, ఫోన్లోనే క్లాసు పీకింది. ఆడది అయినందుకే చంపడాన్ని ఫెమిసైడ్ అంటారట, 1976లో బ్రసెల్స్ సభలో డయానా రసెల్ అనే స్త్రీవాద రచయిత్రి ఆ మాట వాడిందట. "హత్య అంటే చాలదా, దానికో ఇంగ్లీషు పేరెందుకు?" అని విసుక్కున్నాను.

మధ్యాహ్నం ఆవపిండి జల్లిస్తుంటే మా వీధి చివరింటి కోడలు గుర్తొచ్చింది. 1984, నేను ఎనిమిదో క్లాసు. స్టవ్ పేలి చనిపోయిందన్నారు. అమ్మా అదే అంది. కానీ వాళ్ళది వత్తుల స్టవ్. గాలి కొట్టే పంపు స్టవ్ పేలుతుందంటే నమ్ముతాను. వత్తులది మసి కడుతుంది, కిరసనాయిలు కంపు కొడుతుంది, అంతే. అంతకు వారం ముందే ఆవిడ దాన్ని మా అరుగు మీదకి తెచ్చుకుని, సన్నటి తీగతో ఒక్కో వత్తీ పైకి లాగుతూ కూర్చుంది. వేళ్ళన్నీ నలుపు. వీధంతా చూసిన స్టవ్ అది. హత్య అన్న మాట ఉండి ఏం లాభం, ఎవరూ వాడందే?

రెండేళ్ళకి, 1986లో, శిక్షాస్మృతిలో 304బి సెక్షన్ వచ్చింది (2024 నుంచి అదే న్యాయ సంహితలో 80వ సెక్షన్). వరకట్న మరణం. మరణమట! ఆ పేరుని తిడదామనే ఈ టపా మొదలుపెట్టాను. రాస్తుంటే అనుమానం వస్తోంది. హత్య అంటే ఎవరు అంటించారో రుజువు చేయాలి. తలుపేసిన వంటింట్లో సాక్షి ఎవరు? ఈ సెక్షన్‌లో పెళ్ళైన ఏడేళ్ళలోపు కాలి చనిపోయి, చావుకు ముందు కట్నం కోసం వేధించారని తేలితే చాలు, తమ తప్పు లేదని అత్తింటివాళ్ళే చూపించుకోవాలి. మెత్తటి మాటే పనికొచ్చినట్టుంది. అయినా ఇప్పటికీ ఏటా వేలల్లోనే కేసులు. ఎనిమిదో ఏడు చచ్చిపోయినవాళ్ళు ఆ లెక్కలోకే రారు.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఆ స్టవ్ సంగతి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆ తీగ నేనే ఇచ్చానే" అంది. తర్వాత ఆవకాయలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.