సత్యం మీద పట్టు, మనిషి మీద ప్రేమ

ఎఫెసీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయం 15వ వచనంలో పౌలు ప్రేమతో సత్యం పలకమంటాడు, అలా పలుకుతూ క్రీస్తులోనికి ఎదగమంటాడు. ఆవేశం ఉన్నవాళ్లు ఇందులో ప్రేమను దాటేస్తారు, గొడవెందుకులే అనుకునేవాళ్లు సత్యాన్ని దాటేస్తారు. రెండూ వదలనివాడు ఎలా ఉంటాడో చూడాలంటే జనవరి 24న కతోలికులమైన మనం స్మరించుకునే పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్ దగ్గరికి వెళ్లాలి.

1593 డిసెంబరులో గురుపట్టం పొంది ఫాదర్ అయిన ఈయన మరుసటి ఏడాది సెప్టెంబరులో దాయాది లూయీతో కలిసి, జెనీవా సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న షాబ్లే ప్రాంతానికి బయలుదేరాడు. అక్కడ దాదాపు అరవై ఏళ్లుగా ప్రొటెస్టెంట్ బోధే నడుస్తోంది. రాత్రికి అలింజ్ కోటలో తలదాచుకుని, పగలు తోనోన్ పట్టణానికి నడిచివెళ్లి ప్రసంగించేవాడు. వినేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, వస్తే నలుగురూ ఏమంటారోనని మిగతావాళ్లకు భయం. దాంతో చెప్పాలనుకున్నది కాగితాల మీద రాసి, నకళ్లు తీయించి, ఇళ్ల తలుపుల సందుల్లోంచి లోపలికి తోయించాడు, గోడలకు అంటింపించాడు. 1923లో 11వ పయస్ పోపుగారు ఆయన్ను కతోలిక రచయితలకు, పాత్రికేయులకు పాలక పునీతుడిగా ప్రకటించారు.

ఆ కాగితాల్లో వాదన మెత్తగా ఏమీ ఉండదు. పవిత్ర గ్రంథం, శ్రీసభ (కతోలిక సంఘం) సంప్రదాయం, బిషప్పుల మహాసభలు, పితృపాదులు (తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకులు) అంటూ ఒక్కో ఆధారం మీదా గట్టిగా నిలబడి రాశాడు. కానీ ఆ ఊరివాళ్లను 'అయ్యలారా' అని గౌరవంగా పలకరించే రాశాడు. ఆయన సాత్వికత పుట్టుకతో వచ్చింది కాదు. సహజంగా కోపిష్టి, ఏళ్ల తరబడి సాధన చేసి దాన్ని లొంగదీసుకున్నాడు. 1609లో అచ్చయిన 'భక్తి జీవితానికి ప్రవేశిక' మూడో భాగంలో, కోపాన్ని మితంగా వాడుకుందామని చూడటం కంటే కోపం లేకుండా బతకడం నేర్చుకోవడమే మేలని రాసింది అందుకే. ధర్మాగ్రహం పేరుతో మనం సర్దిచెప్పుకునే చాలా మాటలు ఇక్కడే ఆగిపోతాయి.

షాబ్లే చివరికి కతోలిక విశ్వాసానికి తిరిగి రావడంలో ఆ ప్రాంతాన్ని ఏలే సవాయ్ డ్యూక్ అధికారం కూడా పనిచేసింది. 1598లో డ్యూక్ తోనోన్‌కు వచ్చాక, ఒప్పుకోనివాళ్లలో కొందరు ఊరు విడవాల్సి వచ్చింది. పునీతుడి మీద గౌరవంతో ఈ సంగతి దాచిపెట్టకూడదు. సత్యం తన సొంత బలంతోనే మనసులోకి రావాలని రెండవ వాటికన్ మహాసభ 1965లో మత స్వేచ్ఛ ప్రకటనలో చెప్పింది. ఆ వెలుగులో చూస్తే ఫ్రాన్సిస్ నుంచి నేర్చుకోవాల్సింది డ్యూక్ రాకముందు గడిచిన కాలం నుంచే. 1597లో ఆయన జెనీవాకు వెళ్లి, ప్రొటెస్టెంట్ నాయకుడు కాల్విన్‌కు వారసుడైన వృద్ధుడు థియొడోర్ బెజాను కలిసి మర్యాదగా మాట్లాడాడు. బెజా మారలేదు. ఆ మర్యాద వృథా అని ఎవరనగలరు?

తెలుగునాటకు ఆయనతో దగ్గరి చుట్టరికమే ఉంది. ఆయన పేరు మీద 1838లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆన్సీలో పుట్టిన గురువుల (ఫాదర్ల) సభవారే 1846లో విశాఖపట్నంలో దిగారు.

ఇక మన విచారణలకు, అంటే మన ఊరి గుడి సంఘాలకు వద్దాం. ఎదుటివాళ్లను సరిచేసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇది విశ్వాస సత్యమా, శ్రీసభ క్రమశిక్షణా, లేక మనకు నచ్చిన పద్ధతా? దివ్యసత్ప్రసాదంలో, అంటే పూజలో పంచే అప్పంలో, క్రీస్తు నిజంగా ఉన్నాడన్నది విశ్వాసం, అందులో బేరం లేదు. నాలుక మీద స్వీకరించాలా, చేతిలోనా అన్నది క్రమశిక్షణ, మన దేశంలో రెండింటికీ అనుమతి ఉంది. ఏ కీర్తన పాడాలన్నది చాలావరకు అభిరుచి. మూడోదాని కోసం మొదటిదానికి ఉండాల్సినంత పట్టుదల చూపించబట్టే సగం తగాదాలు.

షుగర్ ఉన్న ఒక పెద్దావిడ గుడిలో పూజకు (మాస్‌కు) వచ్చే ముందు రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకుందనుకోండి. సత్ప్రసాదం వరుసలో పక్కావిడ 'తిని వచ్చి తీసుకోకూడదమ్మా' అని అందరూ వినేలా ఆపేస్తుంది. ఆవిడ తలదించుకుని వెనక్కి వెళ్లిపోతుంది. శ్రీసభ చట్టం 919 ఏమంటుంది? ఉపవాసం ఒక గంట, అదీ సత్ప్రసాదానికి ముందు గంట, పూజ మొదలుకు ముందు కాదు. నీళ్లకు, మందులకు అడ్డులేదు. వృద్ధులు, రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు ఆ గంటలోపు తిన్నా స్వీకరించవచ్చు. ఆపినావిడకు ఆవేశం ఉంది, చట్టం తెలియదు. తెలిసి ఉన్నా ఆ వరుస అందుకు చోటు కాదు.

మన కుటుంబాల్లో ఇంకో సందర్భం తరచుగా వస్తుంది. వేరే సంఘానికి వెళ్లే మరదలు భోజనాల దగ్గర 'మీరు మరియమ్మను పూజిస్తారటగా వదినా?' అని అడుగుతుంది. వెంటనే వాళ్ల పాస్టరుగారి మీదికి వెళ్లకండి. ఆరాధన దేవునికి మాత్రమే, మరియమ్మకు ఇచ్చేది గౌరవం, ఆమెను అడిగేది మన కోసం ప్రార్థించమని. ఈ మాట ముందు స్పష్టంగా చెప్పండి. తర్వాత లూకా సువిశేషం తెరిచి 1:28, 1:42 చూపించండి, మనం మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం మొదటి సగం అక్కడే ఉంది. ఆమె అడిగినంతవరకే చెప్పండి. 'అన్నీ ఒకటేలే' అని నవ్వి తప్పించుకోవడం మాత్రం ప్రేమ కాదు. అడిగిన మనిషికి జవాబు లేకుండా పంపేయడమే అది.

తప్పు నిజంగా తప్పే అయినప్పుడు మత్తయి 18:15-17లో ప్రభువు చెప్పిన వరుస ఉంది: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకుని, ఆ తర్వాతే సంఘానికి. వాట్సాప్ గ్రూపు ఈ వరుసను తలకిందులు చేస్తుంది, మూడో మెట్టే మొదటిదవుతుంది. ఫాదర్‌గారి మీద అభ్యంతరం ఉన్నా ఆయనతోనే మాట్లాడాలి, తేలకపోతే మేత్రాణులకు (బిషప్‌గారికి) లేఖ రాయాలి. శ్రీసభ చట్టం 212 విశ్వాసులకు ఈ హక్కు ఇస్తూనే గౌరవం తప్పవద్దంటుంది. చెప్తే ఆ మనిషి ఇంకా పాడవుతాడనిపిస్తే ఆగమని 13వ శతాబ్దపు వేదాంతి పునీత తోమాస్ అక్వినాస్ కూడా అంటాడు. అయితే పిల్లలకు హాని జరిగిన చోట ఈ ఒంటరి మెట్టు వర్తించదు. నేరుగా పోలీసులకు చెప్పాలి, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం అది తప్పనిసరి. ఇతరులకు కీడు చేసే దాచిన పాపాన్ని వెంటనే బయటపెట్టాలన్నది అక్వినాస్ మాటే.

మన మాట ఎవరి పరువైనా తీసి ఉంటే పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో) చెప్పుకుంటే సరిపోదు, నష్టపరిహారం కూడా చేయాలని కతోలిక బోధను వివరించే సత్యోపదేశ గ్రంథం 2487వ పేరా చెబుతుంది. అన్నది అబద్ధమైతే అది అబద్ధమని ఒప్పుకోవాలి. నిజమే అయినా అనవసరంగా బయటపెట్టి ఉంటే 'ఆయన విషయం ఇక్కడ రాయాల్సింది కాదు, క్షమించండి' అని రాయాలి. విడిగా ఫోన్ చేసి ఊరుకోవడం కాదు, పోస్టు పెట్టిన ఆ గ్రూపులోనే రాయాలి.