పులుసు కావాలంటే ముందురోజే ఎందుకు చెప్పాలంటే

అమలాపురంలో మా హోటల్ తెరిచిన దగ్గర్నుంచి అందరూ అడిగే ప్రశ్న ఒకటే, చేపల పులుసు అప్పటికప్పుడు ఎందుకు పెట్టరు అని. ఏసీ పెట్టావు, బిల్లు మెషీను పెట్టావు, పులుసుకి మాత్రం ముందురోజు ఫోన్ చేయమంటావేంటయ్యా అని కొందరికి కోపం కూడా వస్తోంది. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను, ఎందుకంటే నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చిందే దీనికోసం.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివి అక్కడ ఒక పెద్ద హోటల్ వంటింట్లో పనిచేశాను. మెనూలో గోదావరి చేపల పులుసు ఉండేది. పొద్దున్నే చేసి పెట్టిన గ్రేవీలో, ఆర్డర్ రాగానే వేయించిన ముక్క వేసి పది నిమిషాల్లో బయటికి పంపేవాళ్ళం. చింతపండు పులుపు ముక్క పైనే ఉండిపోయేది, లోపల చప్పగా ఉండేది. తిన్నవాళ్ళు బాగుందనే వెళ్ళేవారు, కానీ మా వైపు పుట్టిన ఎవరికైనా అది పులుసు కాదని మొదటి ముద్దకే తెలుస్తుంది.

ఊరొచ్చాక రాజోలు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ మండువా లోగిలిలో పాప్-అప్ డిన్నర్లు, అంటే హోటల్ లేకుండా అప్పుడప్పుడు ఒక పూట పెట్టే భోజనాలు, మొదలుపెట్టాను. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు, వాళ్ళ ఫ్రెండ్స్, ఆ తర్వాత ఇన్‌స్టాలో చూసి కార్లేసుకొచ్చినవాళ్ళు. ఒక పూటకి 20 మందికి మించి తీసుకునేవాణ్ణి కాదు. డబ్బులు ముందే కట్టేవాళ్ళు కాబట్టి ఎంతమంది వస్తారో ముందురోజే తెలిసిపోయేది, అన్నిటికన్నా నాకు బాగా కలిసొచ్చింది అదే. కొర్రమేనుని రాళ్ళుప్పేసి జిగురు పోయేదాకా రుద్ది, సాయంత్రమే దాకలో, అంటే వెడల్పాటి వంటపాత్రలో, పులుసు పెట్టేసేవాళ్ళం. మొదటిసారి నేను అలవాటు కొద్దీ గరిటె పట్టుకుంటే పెద్దమ్మ "గరిటె తీసెయ్యరా, ముక్క చితికిపోద్ది" అంది. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, రెండు మసిగుడ్డలతో దాక అంచులు పట్టుకుని మెల్లగా కుదపాలి, అప్పుడు పులుసే ముక్కల మీదికి ఎక్కి దిగుతుంది. నూనె పైకి తేలాక దించేసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. మర్నాటికి పులుపు, ఉప్పు, కారం ముక్క లోపలికంటా దిగుతాయి, పులుసు చిక్కబడుతుంది, రంగు కూడా మారుతుంది. ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు, మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్న పనే.

మరి హోటల్ పెట్టాలంటే? వచ్చేవాళ్ళు ఎప్పుడొస్తారో, ఎంతమందొస్తారో తెలీదు. ముద్ర లోన్ కోసం వెళ్తే బ్యాంకులో మొదట అడిగింది బిర్యానీ ఉంటుందా అని. ఆహార భద్రత లైసెన్సు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, బిల్లు మీద 5 శాతం జీఎస్టీ, ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ బదులు 19 కిలోల కమర్షియల్ సిలిండర్... ఇవన్నీ తిరిగితే అయిపోయే పనులే. అసలు టెన్షన్ పులుసు దగ్గరే. రోజూ పెద్ద దాకతో పెట్టి, మిగిలితే పారేస్తే నెల తిరక్కుండా మూసుకోవాలి. అప్పటికప్పుడు చేస్తే, నేను హైదరాబాద్ వదిలి వచ్చిందెందుకు? అందుకే మిగతా భోజనం ఎవరొచ్చినా వేడివేడిగా పెడతాం, వేపుళ్ళు, గోంగూర రొయ్యలు, పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఆవముద్ద కూర దించాక కలపాలి, పొయ్యి మీదుండగా వేస్తే చేదెక్కుతుంది, కాబట్టి అది ఎప్పటికప్పుడు చేసినా బాగుంటుంది. పులుసు మాత్రం ముందురోజు సాయంత్రంలోపు చెప్పినవాళ్ళకే.

పులస గురించి కూడా అడుగుతున్నారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు తగిలాక సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కి వచ్చే ఇలసనే మనం పులస అంటాం. ఆ రోజుల్లో ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. అందుకే ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసని కూడా పులస అని అమ్మేస్తుంటారు. మా దగ్గర ఒడిశా చేప వస్తే బోర్డు మీద ఒడిశా ఇలస అనే రాస్తాం, ధర కూడా దాని ధరే. ఏటి చేప దొరకని రోజున లేదనే చెప్తాం. ఎంత దూరం నుంచి వచ్చినవాళ్ళకైనా అదే మాట.

వరద రోజుల్లో ఇంకో సంగతి ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఏటి మధ్య లంకల నుంచి నాకు కూరగాయలు రావడం తగ్గిపోతుంది, 13 లక్షలకి రెండో హెచ్చరిక పడితే నాకు కాయలు పంపే రైతు ముందు తన పశువుల్ని గట్టుకి చేర్చుకోవాలి, వంకాయల సంగతి అడిగే సమయం కాదది. ఆ వారం మెనూ కుదించేస్తాం. కార్తీకమాసంలో మా వైపు చాలా ఇళ్ళలో నీచు ముట్టరు కాబట్టి అప్పుడు కంద బచ్చలి, పప్పులు, పచ్చళ్ళే ఎక్కువ, ఆ నెల ఆదాయం తగ్గుతుందని లెక్కలో ముందే వేసుకున్నాను.

వంటింట్లో నాతో పాటు ఇద్దరు అక్కలు ఉన్నారు. ఇదివరకు పెళ్ళిళ్ళకి వండేవారు, సీజన్ ఉంటేనే కూలి. ఇప్పుడు నెల జీతం, వారానికో సెలవు. పులుసులో ఉప్పు, పులుపు సరిపోయాయో లేదో చెప్పేది వాళ్ళే, నేను కాదు. చాలని వాళ్ళంటేనే దాక దించుతాం. వచ్చే నెల నుంచి పెద్దమ్మ కూడా వారానికి రెండు రోజులు వస్తానంది, బొమ్మిడాయిల పులుసు తను పెడుతుందట. దానికి మాత్రం బుకింగ్‌లు ఇప్పుడే తీసుకోవడం లేదు, ఏ రోజు ఏ చేప దొరుకుతుందో చూసి చెప్తాను.