స్టూవర్టుపురం మీద నా పీహెచ్‌డీ: వేలిముద్ర దగ్గర ఆగిన పని

ఒక కులం మొత్తానికి ప్రభుత్వమే చట్టం చేసి అన్యాయం చేస్తే, ఆ నష్టాన్ని ఎవరు భర్తీ చేయాలి, ఎలా చేయాలి? గుంటూరులో ఉంటూ ఈ ప్రశ్న మీద పీహెచ్‌డీ చేశాను. ఇలాంటి అంశం తీసుకుందామనుకునే పిల్లలు ఎక్కడ ఇబ్బంది పడ్డారు మేడమ్ అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

అంశానికి ఆమోదం దగ్గరే మొదటి గొడవ. కమిటీలో ఒక పెద్దాయన, "పరిహారం అంటే అమెరికాలో బానిసత్వం గురించి కదమ్మా, మన దగ్గర ఏముంది?" అన్నారు. నా జవాబు స్టూవర్టుపురం. గుంటూరు నుంచి తెనాలి మీదుగా చీరాల వైపు రైలెక్కితే, బాపట్ల దాటాక వస్తుంది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టిన ఊరు. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1911లో మళ్లీ రాశాక మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్తులుగా రిజిస్టరులో ఎక్కించి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఇక్కడ నడిపే సెటిల్‌మెంట్‌లో, అంటే నిఘా కింద ఉండే కాలనీలో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, పాస్ లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు అక్కడినుంచే వెళ్లేవాళ్లు.

అంతకుముందు ఎరుకలవాళ్లు ఏం చేసేవాళ్లో చాలామందికి తెలియదు. పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి వ్యాపారం చేసిన జనం. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్లు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలొచ్చి వెదురు, మేత దొరక్కుండా చేశాయి. బతుకుతెరువు పోగొట్టినవాళ్లే తిరిగి వాళ్లకు దొంగలని పేరు పెట్టారు. ఇదంతా కాగితం మీద పెట్టి చూపించాకే కమిటీ ఒప్పుకుంది.

రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, ఎందుకంటే అప్పటి గుంటూరు జిల్లా మద్రాసు కింద ఉండేది. సూచికలో కులం పేరు మాత్రమే వెతికితే సరిపోదు. జ్యుడీషియల్, హోమ్ శాఖల జీవోలు చూడాలి. సెటిల్‌మెంట్ల మీద ఏటా వచ్చిన నివేదికలూ ఉంటాయి. హాజరు లెక్కలు, శిక్షల లెక్కలు, ఎంతమంది "బాగుపడ్డారో" ఆ లెక్కలు. అన్నీ కాపలా కాసినవాళ్లు రాసినవే. విజయవాడ పటమటలో ఉన్న నాస్తిక కేంద్రానికి చెందిన లవణం గారు, ఆయన భార్య హేమలత గారు (జాషువా గారి అమ్మాయి) 1970ల్లో స్టూవర్టుపురంలో చేసిన సంస్కరణ పని గురించి చదివితే కొంచెం వేరే గొంతు వినిపించింది. అదీ బయటినుంచి వచ్చినవాళ్ల గొంతే. కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడక తప్పదు.

అసలు పని అక్కడే ఆగింది. ఇంటర్వ్యూకి ముందు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి, సంతకం రానివాళ్ల దగ్గర వేలిముద్ర. ఒక తాతగారికి పత్రం మొత్తం చదివి వినిపించాను. అన్నింటికీ తలూపారు. ఇంకు ప్యాడ్ మూత తీసేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మా నాయన వేళ్లన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి కదమ్మా, ఇంకా నావి ఎందుకు?" అన్నారు. 1911 చట్టం కింద రిజిస్టరయిన ప్రతి మనిషి దగ్గరా వేలిముద్రలు తీసుకునే అధికారం సర్కారుకు ఉండేది. ఆ సంగతి నాకు పుస్తకంలో తెలుసు, ఆయనకు ఇంట్లో తెలుసు. ప్యాడ్ మూసి సంచీలో పెట్టుకున్నాను. కాఫీ తాగి, ఆ రోజుకి ఏమీ రికార్డు చేయకుండా వచ్చేశాను.

సంతకమో ముద్రో లేకపోతే ఇంటర్వ్యూ చెల్లదని, పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ చెప్పింది. నాకు టెన్షన్ పట్టుకుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో నోటి సమ్మతికి చోటుంది. వాటిని జతచేసి, పాత చట్టంలోని వేలిముద్రల సెక్షన్‌ను కూడా జతచేసి అర్జీ పెట్టాను. నెలలు పట్టింది. చివరికి పక్కింటివాళ్లు సాక్షిగా కూర్చుంటే, సమ్మతిని ఆడియోలో తీసుకుంటే చాలన్నారు. పరిశోధన షెడ్యూలు వేసుకునేవాళ్లు ఈ సమయాన్ని ముందే కలుపుకోండి.

నేను అడగబోయే ప్రశ్నలకు ఆధారం 2005లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సూత్రాలు: పోయింది తిరిగి ఇవ్వడం, డబ్బు రూపంలో పరిహారం, పునరావాసం, తప్పు ఒప్పుకుని గౌరవం నిలపడం, మళ్లీ జరగకుండా హామీ. డబ్బు వద్దని ఊళ్లో ఎవరూ అనలేదు. అలా అన్నారని రాస్తే కథ బాగుండేదేమో గానీ, అది అబద్ధం. పట్టా కావాలి, పిల్లలకు ఉద్యోగాలు కావాలి అన్నారు. వాటితోపాటు ఒక నాయనమ్మ, "మా పెద్దోళ్లు ఏ కేసులోనూ లేకుండానే దొంగల పుస్తకంలో ఎక్కారని గవర్నమెంటు కాగితం మీద రాసి ఇవ్వాలి" అన్నారు. మనవరాలు ఉద్యోగానికి వెళ్తే ఊరి పేరు చూసి మొహం మార్చేవాళ్లకు చూపించడానికట.

వైవాలో (థీసిస్ మీద నోటి పరీక్షలో) అనుకున్న ప్రశ్నే వచ్చింది: ఆ ప్రభుత్వమే లేనప్పుడు చెల్లించేదెవరు? కెన్యా సంగతి చెప్పాను. 1950ల్లో బ్రిటిష్ పాలన మీద జరిగిన మౌ మౌ తిరుగుబాటు సమయంలో కెన్యా జనాన్ని హింసించినందుకు 2013లో బ్రిటన్ 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్లు ఇస్తామని ఒప్పుకుంది, పార్లమెంటులో విచారం చెప్పింది. దాచిన వలస పాలన ఫైళ్లు 2011లో బయటపడటం, చరిత్రకారులు కోర్టులో సాక్ష్యం ఇవ్వడం అందుకు తోడ్పడ్డాయి. ఇక మన దగ్గర, 1952లో దేశమంతా పాత చట్టం పోయింది గానీ అంతకుముందే 1948లో మద్రాసు ప్రభుత్వం అలవాటుపడిన నేరస్తుల (పదేపదే నేరాలు చేసేవాళ్లని ముద్రపడినవాళ్ల) చట్టం చేసింది. తెల్లవాళ్లు వెళ్లినా నిఘా పోలేదు. కాబట్టి లెక్క బ్రిటన్, మన ప్రభుత్వం ఇద్దరిదీ అని చెప్పాను. పరీక్షకులు చాలాసేపు వాదించారు, నేనూ తగ్గలేదు. డిగ్రీ వచ్చింది.

నా థీసిస్ ఇంగ్లీషులో ఉంది. తెలుగు సారాంశం రాసి ఊళ్లో చదివాను, ఎవరి రికార్డింగు వాళ్ల ఇంటికి ఇచ్చాను. ఇప్పుడు ఆ నాయనమ్మ అడిగిన కాగితం కోసం జిల్లా అధికారులకు ఊరివాళ్లతో కలిసి అర్జీ రాస్తున్నాం. ఈ పని మీద ఎగ్మోర్ వెళ్లేవాళ్లు అడగండి, నేను చూసిన జీవోల నంబర్లు ఇస్తాను.