టెక్సాస్‌లో పన్ను బకాయి ఉన్న ఇంటిని కొంటామని యజమానికి ఉత్తరం రాసేముందు

టెక్సాస్‌లో ఇంటిపన్ను కట్టడానికి మామూలు గడువు జనవరి 31. ఫిబ్రవరి నుంచి పెనాల్టీ, వడ్డీ మొదలై జూలైకి రెండూ కలిసి 18 శాతానికి చేరతాయి. ఆపైన ఆ మొత్తం మీద వసూలు లాయర్ల ఫీజు 20 శాతం దాకా పడుతుంది. 8,000 డాలర్ల బకాయి 11,328 దాకా పోతుందన్నమాట. ఆ బిల్లు చేతికొచ్చాకే చాలామంది అమ్మడం గురించి ఆలోచిస్తారు కాబట్టి నా లెక్కన ఉత్తరాలకు ఆగస్టు, సెప్టెంబరు మంచి నెలలు.

బకాయిల జాబితా కౌంటీ పన్ను ఆఫీసును అడగాలి. దాన్ని అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్లకు విలువ కట్టే స్థానిక సంస్థ) రికార్డుతో పోల్చాలి. బిల్లు వెళ్లే చిరునామా ఆ ఇంటిది కాకపోతే ఇల్లు ఖాళీగానో అద్దెకో ఉండొచ్చు. 65 ఏళ్లు నిండినవాళ్లు సొంతింటి పన్నును చట్టప్రకారం వాయిదా వేసుకోవచ్చు, వడ్డీ ఏడాదికి 5 శాతమే. వాళ్ల పేర్లు తీసేయండి. వాళ్లను భయపెట్టడం తప్పు.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. మీ పేరు, ఫోను, ఏ ఇంటి గురించి రాస్తున్నారో, మీరు కౌంటీ మనిషి కాదని, కొనాలనుకుంటున్న మామూలు వ్యక్తినని మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పండి. కవరు మీద బకాయి మాటే వద్దు, ఇరుగుపొరుగు చూస్తారు. ఇల్లు చూడకుండా ధర రాయకండి. అందులో తామే ఉంటున్నవాళ్లకు కౌంటీ వాయిదాల ఒప్పందం ఇస్తుందని కూడా రాయండి. ఇల్లు నిలబెట్టుకోగలిగినవాళ్లు నిలబెట్టుకోవాలి. నిజంగా అమ్మదలచినవాళ్లకు ఆ మాట వల్లే మీమీద నమ్మకం కుదురుతుంది.

బేరాలు ఎక్కువగా చెడేది వారసుల దగ్గర. రికార్డులో ఉన్న మనిషి ఎప్పుడో పోయుంటారు, ఇంట్లో ఉన్న కొడుకు ఒక్కడే సంతకం పెడతానంటాడు. వాటా ఉన్న ప్రతివాళ్లూ పెట్టాలి. అందుకే ఎవరి చేతికీ నేరుగా డబ్బివ్వకుండా టైటిల్ కంపెనీ ద్వారానే ముగించాలి. రికార్డు వెతికి, పాత అప్పులు తేల్చి, అమ్మకం సొమ్ములోంచే పన్ను కట్టేది వాళ్లే. హక్కుకు హామీ ఇవ్వని క్విట్‌క్లెయిమ్ డీడ్ ఎవరైనా చూపిస్తే ఒప్పుకోకండి.

పన్ను కట్టని ఇళ్లను అమ్మే వేలాలు మామూలుగా నెలలో మొదటి మంగళవారం జరుగుతాయి. తేదీ పడ్డాక రాస్తే టైటిల్ పనికి వ్యవధి చాలకపోవచ్చు. అప్పుడైనా ‘అంతా పోతుంది’ అని రాయకండి, అది అబద్ధం. వేలంలో బకాయిలు పోగా మిగిలిన సొమ్ముకు యజమాని రెండేళ్లలోపు కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. సొంత నివాసమైతే రెండేళ్లలోపు ఇంటినే విడిపించుకునే హక్కుంది, కానీ వేలంలో కొన్నవాళ్లు పెట్టిన సొమ్ముమీద మొదటి ఏడాది 25 శాతం, రెండో ఏడాది 50 శాతం అదనంగా కట్టాలి.