ఖాళీ తూటా చెప్పేదెంత, చెప్పనిదెంత

మా మేనమామ చెలక నార్కట్‌పల్లికీ సూర్యాపేటకీ మధ్య, బెజవాడ రోడ్డుకు కాస్త లోపలగా ఉంది. వేసవి దుక్కులు అయిపోయి, తొలకరి వానలు ఒకటి రెండు పడి నేల మెత్తబడ్డాక, విత్తనం వేసేలోపు మిగిలే పది పదిహేను రోజుల్లో నేను మూడేళ్లుగా అక్కడ మెటల్ డిటెక్టర్‌తో నడుస్తున్నాను. ఇంతవరకు దొరికిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనవి 11 ఖాళీ తూటాలు, అంటే పేల్చాక మిగిలే ఇత్తడి గుల్లలు.

మన నేలలో ఈ పని తేలిక కాదు. ఎర్ర చెలకలో ఇనుప ఆక్సైడులు ఎక్కువ, దానికి తోడు కొన్ని రాళ్లలో ఉండే మాగ్నటైటు వల్ల ఉత్త రాయి కూడా లోహంలా కూత పెడుతుంది. అందుకే పొలంలో దిగగానే ఏ లోహమూ లేని చోటు చూసుకుని, యంత్రం కింది చివరన ఉండే కాయిల్‌ను నేల మీద పైకీ కిందికీ ఆడించి యంత్రాన్ని ఆ మట్టికి సరిచేసుకోవాలి. నా యంత్రంలో ఇనుము మంద్రంగా, సీసం మధ్యస్థంగా, ఇత్తడి హెచ్చుగా పలుకుతాయి. ఇనుము స్వరాన్ని ఆపేస్తే ఎద్దుల నాడాలు, బండి మేకుల బెడద చాలావరకు తగ్గుతుంది గానీ, హెచ్చుగా పలికిందంతా తూటా కాదు. మోటారు బుష్షులు, వైరు ముక్కలు రోజుకు గుప్పెడు దొరుకుతాయి. నాణెమంత వస్తువు నా యంత్రానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు వరకే అందుతుంది. నాగలి తిరగేసే మట్టి కూడా దాదాపు అంతే లోతు కాబట్టి, దుక్కిలో దొరికిన వస్తువు మొదట పడిన చోటే ఉందని ఎన్నడూ అనుకోకూడదు.

మూడు తూటాలు అలాంటి దుక్కిలోనే, ఒకదానికొకటి చాలా దూరంలో దొరికాయి. మిగతా ఎనిమిదీ చెలక అంచున ఉన్న పెద్ద బండ పక్కన, నాగలి ఎన్నడూ పోని ఇరుకు జాగాలో, నాలుగు మీటర్ల పొడవులో ఒకేచోట దొరికాయి. అక్కడ కూర్చుంటే రోడ్డు సూటిగా కనబడుతుంది.

మొట్టమొదట దొరికిన దాని విషయంలో నేను తప్పు చేశాను. ఇంటికి తెచ్చి అరుగు మీద పెడితే, మా అత్తమ్మ ప్రేమతో దాన్ని చింతపండు, బూడిద పెట్టి బిందెను తోమినట్లు తోమింది. ఇత్తడి మెరిసింది, కానీ అడుగున ఉన్న అక్షరాల్లో సగం చెరిగిపోయాయి. ఆమెకు ముందే చెప్పకపోవడం నా పొరపాటు. డెబ్బై ఏళ్లకు పైగా మట్టిలో ఉన్న ఇత్తడి మీద కట్టే పచ్చని పొరే దానికి రక్ష. పులుపు ఆ పొరను తినేస్తుంది, బూడిద గీకేస్తుంది. ఆ తర్వాత దొరికిన వాటిని మంచినీటిలో నానబెట్టి, మెత్తని కుంచెతో మట్టి మాత్రమే తీశాను. ఇనుప వస్తువునైతే నీటికి కూడా దూరంగా ఉంచాలి.

గుర్తించడానికి కొలతలతో మొదలుపెట్టాలి. నా తూటాల పొడవు 56 మిల్లీమీటర్ల పైచిలుకు. మొదలు దగ్గర అంచు వెడల్పుగా బయటికి పొడుచుకు వచ్చి, పైభాగం సీసా మెడలా సన్నబడుతుంది. ఇవి త్రీనాట్‌త్రీ రైఫిలు గుల్లలు. తర్వాతి కాలపు ఎస్సెల్లార్ తుపాకి తూటా గుల్లకు పొడవు 51 మిల్లీమీటర్లే, బయటికి వచ్చిన అంచూ ఉండదు. అంచు ఉండి మెడ సన్నబడకుండా నిటారుగా ఉన్న గుల్ల దొరికితే, అది పోలీసులు వాడిన నాలుగు వందల పది మస్కట్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. ఇక అడుగున చూడాలి. బండ పక్కన దొరికిన ఎనిమిదింటి మీదా కె, ఎఫ్ అక్షరాలు, 43 అనే అంకె, రోమన్ లిపిలో ఏడు ఉన్నాయి. పుణె దగ్గరి కిర్కీ కర్మాగారంలో 1943లో తయారైన ఏడో మార్కు (ఏడో రకం) తూటాలని దాని అర్థం. భూతద్దంలో చూస్తే ఎనిమిదింటి మీదా తుపాకి సుత్తిమొన (తూటా అడుగును కొట్టి పేల్చే మొన) దెబ్బ నడిమధ్యన కాక ఒకే వైపుకు జరిగి ఉంది. ఒకే తుపాకి పేల్చి ఉండాలని నేను నమ్ముతున్నాను.

ఎవరు పేల్చారు? ఊళ్లో ఒక తాత, "మిలట్రీ వచ్చిననాడు రజాకార్లు ఈ బండ చాటున్నే కూసున్నరట బిడ్డా, మా నాయిన జెప్పెటోడు" అన్నాడు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయలేను. 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్యలో భారత సైన్యం తూర్పు దళం కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట చేరింది. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చేసింది. నార్కట్‌పల్లి దగ్గర రజాకార్ల దళం ఒకటి దెబ్బతిన్నది. 17న నిజాం లొంగిపోయాడు. మా చెలక ఆ దారిలోనే ఉంది.

అయినా గుల్ల ఆ మాట చెప్పడం లేదు. 1943 అన్నది తయారైన ఏడాది మాత్రమే, పేలిన ఏడాది కాదు. త్రీనాట్‌త్రీ నిజాం సైన్యం దగ్గరా ఉంది, దానిమీదికి వచ్చిన సైన్యం దగ్గరా ఉంది. కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన 1946 జూలై 4 మొదలు, సాయుధ పోరాటం విరమించిన 1951 అక్టోబరు దాకా ఈ ప్రాంతంలో తుపాకులు మోగుతూనే ఉన్నాయి. కమ్యూనిస్టు దళాలు గుంజుకున్న తుపాకులూ, ఆ దళాల కోసం వెతికిన పోలీసుల తుపాకులూ ఇవే. ఆ తర్వాత కూడా పోలీసులు వీటిని ఎన్నో ఏళ్లు మోశారు. ఇన్ని ప్రాణాలు పోయిన నేల మీద, ఆధారం లేకుండా ఒక గుల్లకు ఒక పక్షం పేరు తగిలించడం ఆ చనిపోయినవాళ్ల పట్ల అన్యాయమని నాకు అనిపిస్తుంది.

సీసపు గుండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బరువు తూచితే కొంత తెలుస్తుంది: కుంపిణీ సిపాయిల మస్కట్ గుండు సుమారు 32 గ్రాములు తూగుతుంది. నాకు దొరికిన రెండూ అందులో సగం బరువు కూడా లేవు. పైన తెల్లని పొర ఉంది కదా అని పాతవని అనలేము, కొన్ని దశాబ్దాలకే ఆ పొర కడుతుంది. పోరాట కాలంలో వాడిన, మూతి నుంచి మందు కూరే నాటు తుపాకి భర్మార్‌వి కావచ్చు, నిన్నమొన్న అడవిపంది మీద పేల్చినవీ కావచ్చు.

ఈ పనిలో దిగాలనుకునే వారికి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ వంటి కోటల దగ్గరికి యంత్రం పట్టుకుని వెళ్లవద్దు. గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు ఇప్పటికే వాటిని గుల్ల చేశాయి, రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం నేరం కూడా. సొంత పొలమైనా సరే, నేలలో దాగి ఉండి పది రూపాయలకు మించి విలువ చేసేది దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఇక పేలని తూటా గానీ, ఏమిటో తెలియని ఇనుప గుండు గానీ కనబడితే చెయ్యి పెట్టకుండా, గుర్తు పెట్టి వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పాలి. నాకు దొరికిన వాటి ఫొటోలు, జాబితా నేను పోలీసు స్టేషనులో ఇచ్చి రశీదు తీసుకున్నాను.

ప్రతి తూటానూ విడి కవరులో పెట్టి, దొరికిన తేదీ, లోతు, బండ నుంచి దూరం, అడుగు గుర్తులు రాశాను. "ఎవరిది" అన్న గడి ఎనిమిదింటికీ ఖాళీగానే ఉంది; తాత మాటను మాత్రం ఆయన చెప్పినట్లే విడి కాగితం మీద రాసి డబ్బాలో పెట్టాను. రోడ్డుకు ఆవలి చెలక వేరేవాళ్లది. ఈ బండ వైపుకు పేల్చిన తూటాలంటూ ఉంటే వాటి గుల్లలు అటువైపే పడి ఉండాలి. పత్తి తీసేశాక అక్కడ నడవడానికి వాళ్లు ఒప్పుకున్నారు.