ఎలుగుల దారిలో ఎలుగెత్తడం: ఐదు వారాల సాధన

మొదటి వారం. బేర్ స్ప్రే డబ్బా చేతికొచ్చింది, ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే మిరప ఘాటు స్ప్రే. బ్యాగు పక్క జేబులో దోపేసి, ఇక భయమేముంది అనుకున్నా. నాతో నడిచే మిత్రుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఉన్నట్టుండి "తియ్!" అన్నాడు. బ్యాగు దింపి, జేబు తడిమి, డబ్బా బయటికి లాగేసరికి 11 సెకన్లు. గ్రిజ్లీ, అంటే ఉత్తర అమెరికా గోధుమ ఎలుగు, గంటకు దాదాపు 55 కిలోమీటర్ల వేగంతో ఉరుకుతుంది. అంటే సెకనుకు 15 మీటర్లు. ఆ లెక్క వేసుకున్నాక కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. పరిగెత్తి తప్పించుకోవచ్చన్న ఆశ కూడా ఆ లెక్కతోనే పోయింది.

రెండో వారం. డబ్బా బ్యాగులోంచి నడుము బెల్టుకి మారింది. సాధనకి మిరప ఘాటు లేని ఉత్తుత్తి డబ్బాలు దొరుకుతాయి, సైజు, మీట అన్నీ అసలు దానిలాగే. రోజుకి నలభై సార్లు తీశా. ఇబ్బంది పెట్టింది ఒక్కటే, సేఫ్టీ క్లిప్. పైకి లాగితే రాదు. బొటనవేలు దాని వంపులోకి దూర్చి, తిన్నగా నా వైపుకి లాగాలి. చేతికి గ్లోవ్ ఉంటే వేలు జారిపోతోంది, అందుకే కుడి గ్లోవ్ బొటనవేలి కొస కత్తిరించేశా. ఇప్పుడు రెండు సెకన్లు.

స్ప్రే సుమారు 9 మీటర్ల దాకా వెళ్తుంది. మీట నొక్కి పట్టుకుంటే కొన్ని సెకన్లలోనే డబ్బా ఖాళీ. అందుకని ఎలుగు ముఖానికి గురిపెట్టడం కాదు, అది వచ్చే దారిలో కాస్త కిందికి కొట్టి, మధ్యలో ఘాటు మబ్బు నిలబెట్టాలి. ఎదురుగాలి సంగతి మరిచిపోయి ఒకసారి కొడితే ముఖమంతా తడిసింది. ఉత్తుత్తి డబ్బా కాబట్టి నవ్వుకున్నాం. ఇంకో మాట, ఇది దోమల మందు కాదు, టెంటు మీదా బట్టల మీదా కొట్టుకోకూడదు. విమానంలోకి అసలే రానివ్వరు, దిగాకే కొనుక్కోవాలి.

మూడో వారం. దీనికంటే స్ప్రే నయం, ఎందుకంటే ఈసారి నేర్చుకోవాల్సింది అరవడం. మన భాషలో ఎలుగంటే గొంతు కూడా కదా, ఎలుగుల అడవిలో ఎలుగెత్తడమే అసలు రక్ష. చాలా దాడులు ఎలుగు ఉలిక్కిపడ్డప్పుడే జరుగుతాయి, దాని పిల్లలు వెంట ఉంటే మరీ. బ్యాగుకి కట్టే చిరుగంటల్ని నమ్మను, వాటి చప్పుడు వాగు హోరులో నాకే వినపడలేదు. మలుపు, వాగు పక్క, పళ్ల పొదలు, గాలి ఎదురుగా వీచే చోటు: ఇలాంటి దగ్గరల్లా చప్పట్లు కొట్టి "హోయ్, వస్తున్నాం!" అంటున్నా. మొదట్లో సిగ్గేసింది. ఇప్పుడు అలవాటై ఇంట్లో మలుపుల దగ్గర కూడా నోరు తెరుచుకుంటోంది.

నాలుగో వారం. తిండి, వంట, టూత్‌పేస్ట్ అన్నీ టెంటుకి వంద మీటర్ల దూరంలో, గట్టి డబ్బాలో. అంతా సర్దేశాననుకుని పడుకున్నాక జాకెట్ జేబులో దగ్గు బిళ్ల దొరికింది. వాసన వచ్చేదేదైనా తిండి కిందే లెక్క. చీకట్లో లేచి వెళ్లి పెట్టొచ్చా.

ఐదో వారం. అసలు నడక. మొదటి గంటలోనే దారి మీద ఎలుగు పెంట, నిండా పళ్ల గింజలు, ఇంకా తడిగా ఉంది. పక్కనే ఒక బండరాయి తిరగబడి ఉంది, దాని కింద మట్టి కూడా ఆరలేదు. తర్వాత వాలు మీద ఎలుగు కనబడింది. గోధుమ రంగు. కానీ రంగు నమ్మకూడదు, నల్ల ఎలుగుల్లోనూ గోధుమవి ఉంటాయి. భుజాల మధ్య మూపురం చూసి గ్రిజ్లీ అనుకున్నాం. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కు నిబంధన ప్రకారం కనీసం 91 మీటర్ల దూరం ఉండాలి. మాకు అంతకు రెట్టింపు ఉంది, అయినా వెనక్కే తిరిగాం. మిత్రుడు శిఖరం పోయిందని గొణిగాడు, నేను పట్టించుకోలేదు.

తిరుగుదారిలో పాఠం ఇంకోసారి అప్పజెప్పించుకున్నా. ఉలిక్కిపడ్డ గ్రిజ్లీ మీద పడితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని, కాళ్లు ఎడంగా చాపి, బ్యాగు తీయకుండా కదలకుండా ఉండాలి. నల్ల ఎలుగు దాడి చేస్తే, లేదా ఏ ఎలుగైనా టెంటులోకి చొరబడితే, చేతికందిన దాంతో ముక్కు మీదా కళ్ల మీదా కొట్టాలి.

మిగిలిన పని ఒకటుంది. ఎలుగు కనబడ్డప్పుడు నా కుడి చేతిలో ఊతకర్ర ఉంది. ఎడమ చేత్తో తీస్తే ఇప్పటికి నాలుగు సెకన్లు.