సిరిమానోత్సవం మూడు గంటలు, డీవీడీ ఒక్కటి

విజయనగరం సిరిమానోత్సవం వీడియో మూడు గంటలు, ఫైలు చూస్తే 1.4 జీబీ. 4.7 జీబీ డిస్కులో అలాంటివి మూడు పట్టేస్తాయనుకుంటారు. కాపీ కొడితే పడతాయి. కానీ ఊళ్లో తాతగారి టీవీ కింద ఉన్న పాత ప్లేయర్‌కి ఎంపీ4 చదవడం రాదు, దానికి డీవీడీ సినిమాల్లో వాడే ఎంపెగ్-2 పద్ధతి కావాలి. అందులోకి మార్చాక పాత సైజుతో పనిలేదు, వీడియో ఎంతసేపన్నదే లెక్క.

డిస్కు అంటే 470 కోట్ల బైట్లు (కంప్యూటర్ దీన్నే 4.37 అని చూపిస్తుంది). మెనూకి కాస్త వదిలేసి 440 కోట్లు పట్టుకోండి, అంటే బైటుకి 8 బిట్ల లెక్కన 35,200 మెగాబిట్లు. దాన్ని సెకన్లతో భాగించాలి. రెండు గంటలకైతే సెకనుకి 4.9 మెగాబిట్లు వస్తుంది. ఏసీ3 (డీవీడీల్లో వాడే డాల్బీ) సౌండుకి 0.2 పోగా బొమ్మకి 4.7, హాయిగా ఉంటుంది. మూడు గంటలకైతే బొమ్మకి మిగిలేది 3. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషికి అది చాలు. సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) చుట్టూ కదిలే జనసముద్రానికి చాలదు, తలలన్నీ గళ్లుగళ్లుగా విరిగిపోతాయి. టూ-పాస్ (వీడియోని ముందు ఒకసారి చదివి, రెండోసారి మార్చే పద్ధతి) పెడితే కొంత నయం, అంతే. రెండు డిస్కులు చెయ్యడమే మేలు. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి, ఒక తిరుగుడు పూర్తయిన చోట కోస్తే చూసేవాళ్లకి తెలీదు కూడా. డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డిస్కు జోలికి పోకండి, పాత ప్లేయర్లు చాలా వాటికి అది పడదు.

డీవీడీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ డీవీడీ స్టైలర్‌లో పాల్ (మన టీవీ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు), 720×576, 16:9 ఎంచుకుని, సౌండు 48 కిలోహెర్ట్జ్ ఉందో లేదో చూడండి. తిప్పలంతా ఫోన్ వీడియోతోనే. ఫోన్ సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది, అదీ నిలకడగా కాదు. నేరుగా 25కి దించితే ఊరేగింపు కుదుపుగా నడుస్తుంది, పోనుపోను డప్పు ఒకవైపు, అడుగు ఒకవైపు. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (నిలకడైన) ఫ్రేమ్‌రేట్‌కి మార్చుకోండి. ఆ తర్వాత పాల్ బదులు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి, సుమారు 30 ఫ్రేములు), 720×480 పెట్టినా ఫరవాలేదు, మన దగ్గరి ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడిస్తాయి.

చివరికి వీడియో_టీఎస్ ఫోల్డరు వస్తుంది. దాన్ని డేటా డిస్కులా పడేయకుండా డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్‌గ్‌బర్న్‌లో డీవీడీ వీడియోగా, డీవీడీ-ఆర్ మీద, 8ఎక్స్ దాటకుండా రాయండి. రాసింది సరిచూసే వెరిఫై టిక్కు తియ్యొద్దు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కు ఇక టీ గ్లాసు కిందకే. పేరు కాగితం స్టిక్కర్ మీద వద్దు, తిరిగేటప్పుడు ఊగుతుంది. మార్కర్‌తో రాసేయండి.